తిథి తెలియని వాళ్లు

తిరుపతిలో మే నెల వచ్చిందంటే తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటుంది. ఆ ఎండల్లోనే ఒక మంగళవారం రాత్రి గంగ జాతరకు చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి పోగూడదు, బయటివాళ్లు వచ్చి రాత్రి నిద్ర చెయ్యగూడదు అని పాత కట్టడి. మర్నాటి నుంచి వీధుల్లోకి వేషాలొస్తాయి. నామంకొమ్ము పూసుకున్న బైరాగి వేషం, కుంకుమ పూసుకున్న బండ వేషం, బొగ్గు పూసుకున్న తోటి వేషం, ఆ తర్వాత దొర వేషం. చంకన బిడ్డను ఎత్తుకున్న తల్లి ఆ బిడ్డ బుగ్గకు కూడా ఇంత బొగ్గు రాసి, చేతికి వేపమండ ఇచ్చి తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపు నడుస్తుంది.

ఈ వేషాల వెనక ఒక కథ ఉంది. ఈ సీమను ఏలిన పాలెగాడు ఒకడు ఊరి ఆడపిల్లల్ని చెరిచేవాడు. కైకాల వారింట పెరిగిన గంగమ్మ మీద కూడా కన్నేశాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. గంగమ్మ రోజుకో వేషం కట్టి వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే, వచ్చింది నిజంగా దొరే అనుకుని దండం పెట్టడానికి వాడు బయటికొచ్చాడు. తల తెగింది. మరునాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది కూడా ఆ తల్లే.

అది ఏ కాలంలో జరిగిందో ఎవరూ అడగరు. ఒక్క పాలెగాడి దుర్మార్గాన్ని ఒక ఊరు తరతరాలుగా ఒంటికి రంగుగా పూసుకుని గుర్తు పెట్టుకుంది. ఇంత జ్ఞాపకశక్తి ఉన్న సీమ, 150 ఏళ్ల కిందట, ప్రభుత్వ కాగితాల్లోనే సాక్ష్యం మిగిలిన ఒక మహా మరణాన్ని మాత్రం ఏ వేషమూ కట్టకుండా వదిలేసింది. దాని పేరు ధాత కరువు.

ధాత

మన పెద్దలు ఏడాదిని అంకెతో కాక పేరుతో పిలిచేవాళ్లు. 1876 ఉగాదితో మొదలైన ఏడాది పేరు ధాత. ధాత అంటే సృష్టించేవాడు, భరించేవాడు.

అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. అది 1911లో వచ్చింది. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లా కింద ఉండేవి. పుంగనూరు, కార్వేటినగరం, కాళహస్తి జమీందారీలు. తిరుమల గుడి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. కొండకు వచ్చే జనం వస్తున్నారు, పోతున్నారు.

ఇది చెరువుల సీమ. స్వర్ణముఖి, పాలారు, బాహుదా, ఏ పేరు చెప్పినా వాన పడితే పారే ఏరే. నైరుతి మబ్బులు ఇటు చుట్టపుచూపుగా వచ్చిపోతాయి. చెరువు నిండాలంటే దసరా దాటాక తూర్పు సముద్రం నుంచి వచ్చే వానే దిక్కు. 1876లో నైరుతి ముఖం చాటేసింది. దీపావళి పోయినా తూర్పు వాన రాలేదు. పసిఫిక్ సముద్రంలో నీళ్లు వేడెక్కి ఎల్ నినో పుట్టడం వల్ల ఇలా జరిగిందని ఈ కాలపు శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ రెండు మూడేళ్లలోనే చైనాలో, బ్రెజిల్‌లో కూడా జనం రాలిపోయారు. ఇక్కడి రైతుకు తెలిసింది ఒకటే: చెరువు నేల నెర్రెలిచ్చింది.

కరువు ఇంటిని ఒక వరసలో తింటుంది. మొదట ముక్కుపుడక, కాళ్ల కడియాలు పోతాయి. తర్వాత ఇత్తడి బిందె, రాగి చెంబు. ఆ తర్వాత ఎద్దులు. మేత లేక డొక్కలెండిన ఎద్దుకు కసాయి తప్ప ఎవడు ధర కడతాడు? ఎద్దులు పోయాక నాగలెందుకు? అదీ పోయింది. తలుపు చెక్కలు ఊడదీసి వంటచెరకుగా అమ్మారు. కప్పు దూలాలు దించారు. ఆఖరికి మిగిలింది విత్తనాల గంప. విత్తనం వండుకున్న రోజున రైతు ఇక రైతు కాడు. మర్నాడు తెల్లవారకముందే ముసలివాళ్లను ఇంట్లో వదిలి, పిల్లల్ని చేత్తో పట్టుకుని, వాన పడిందని ఎవరో చెప్పిన దిక్కుకు బయలుదేరతాడు.

బతికుంటే బలుసాకు తినొచ్చు అంటాం. ఆ మాట అన్నవాళ్లు బలుసాకు తిన్నవాళ్లే. ఆకుతోబాటు చింతగింజలు, మామిడి టెంకలు, నాగజెముడు పండ్లు, తవ్వితే దొరికిన గడ్డలు, చీమల పుట్టల్లో గింజలు. అవి తిన్న కడుపులో ఏమవుతుందో వైద్యులు తర్వాత రాసిపెట్టారు. ముందుగా పోయినవాళ్లు సొంత నేల లేని కూలీలు, మాలమాదిగలు, బట్ట కొనేవాడు లేక మగ్గం ఆగిపోయిన నేతగాళ్లు. ఊరికి చివర ఉన్న ఇళ్లే ఊరికి ముందుగా ఖాళీ అయ్యాయి.

గింజ అన్నదే లేక చచ్చారా అంటే, కాదు. 1871 నాటికే మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా రాయచూరు దాకా రైలు పట్టాలు పడ్డాయి. రైలుంటే కరువు రాదని దొరలు నమ్మబలికారు. గింజ ఉన్నచోటి నుంచి లేనిచోటికి రైలు తెస్తుందన్న మాట నిజమే. అయితే గింజ ఆకలి ఉన్నచోటికి పోదు, డబ్బున్నచోటికి పోతుంది. ధర రెండింతలు, మూడింతలు అయ్యేసరికి సరుకు గోదాముల్లో తాళం కింద కూర్చుంది. ఊళ్లో ఉన్న కాస్త సరుకూ వర్తకుడి బండెక్కి స్టేషనుకు చేరింది. దేశంలో పండిన గోధుమలు ఆ రెండేళ్లూ ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి.

మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు మొదట కొంత కదిలాడు. 1876 చివర్లో ఒక కంపెనీ ద్వారా గుట్టుగా 30,000 టన్నుల ధాన్యం కొనిపించాడు. కలకత్తాలో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం మండిపడింది. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టరాదని ఆనాటి శాస్త్రం. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటే దర్బారు జరిగింది. రాజులు, నవాబులు, ఏనుగులు, విందులు. మద్రాసు గవర్నరు కూడా ఆ దర్బారుకు వెళ్లాడు. ఆ రోజున ఇక్కడ ధాత సంవత్సరం పుష్యమాసం. పంట ఇంటికి రావలసిన నెల.

ఆ జనవరిలోనే మద్రాసుకు ఒక దొర వచ్చాడు. సర్ రిచర్డ్ టెంపుల్. ఈ దొర కథ వింటే కడుపు మండుతుంది. మూడేళ్ల కిందట, 1874లో, బీహారులో కరువొస్తే ఈయనే బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా చేశాడు. దానికి మెచ్చుకోవలసిన పైవాళ్లు డబ్బు తగలేశావని తిట్టారు. ఈసారి ఖర్చు తగ్గించడానికే తనను పంపుతున్నారని ఆయనకు తెలుసు. ఎలా కాపాడాలో తెలిసిన మనిషి, తన పేరు దక్కించుకోవడానికి, తెలిసింది మరిచిపోయాడు. ఈ కథలో మొదట కూలింది ఆయన మనస్సాక్షి.

ఈశ్వర

1877 ఉగాదితో ఈశ్వర నామ సంవత్సరం వచ్చింది. కరువులో అధికమాసం అన్నట్టు, రెండో ఏడూ వాన వేళకు రాలేదు.

టెంపుల్ చేసిన ఏర్పాటుకు ఆయన పేరే నిలిచింది: టెంపుల్ కూలి. కరువు పనికొచ్చిన మగమనిషికి రోజంతటికీ ఒక పౌను ధాన్యం ధర, పైన ఉప్పూ చింతపండుకు కాస్త చిల్లర. అంతకుముందు పౌనున్నర లెక్క ఉండేది. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. ఆ కూలికి చెయ్యవలసింది చెరువు మట్టి తవ్వి మొయ్యడం, రోడ్డుకు కంకర కొట్టడం.

మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కోర్నిష్ దీన్ని ఊరుకోలేదు. జైల్లో ఖైదీకి పెట్టే తిండి కంటే ఇది తక్కువని, ఈ కొలతతో మనిషి బరువు పని చేస్తే మెల్లగా చచ్చిపోతాడని లెక్కలు కట్టి చూపించాడు. ఇద్దరి మధ్యా నెలల తరబడి కాగితాల యుద్ధం నడిచింది. టెంపుల్ వాదన మనిషికి చాలునన్నది. కోర్నిష్ వాదన మనిషి సన్నబడుతున్నాడన్నది. ఒకరు ఖజానాను తూచారు, ఒకరు మనిషిని తూచారు. వేసవికి మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచక తప్పలేదు. ఈలోగా కొలత మీద చర్చ సాగినన్ని రోజులూ కొలత కింద ఉన్నవాళ్లు తరిగిపోతూనే ఉన్నారు.

ఇంకో నియమం ఉంది. సొంత ఊరి పక్కన పనివ్వరు. ఇంటికి మైళ్ల దూరంలో ఉన్న శిబిరానికి నడిచి వెళ్లాలి, అక్కడే పడి ఉండాలి. నిజంగా ఆకలి ఉన్నవాడైతేనే అంత దూరం వస్తాడని దొరల పరీక్ష. నిజంగా ఆకలి ఉన్నవాడు అంత దూరం నడవలేడని పరీక్ష పెట్టినవాళ్లకు తోచలేదు. చాటింపు వేశాక పొలిమేర దాటగూడదని ఊరి తల్లి కట్టడి. పొలిమేర దాటితేనే గంజి అని దొర కట్టడి. ఆ ఏడాది బాటల పక్కన పడినవాళ్లు రెండో కట్టడికి లోబడినవాళ్లు.

ఆ చావుల్లో ఎక్కువ భాగం కాగితం మీద ఆకలి చావులు కావు. శిబిరాల్లో వేలమంది ఒకే బురదగుంట నీళ్లు తాగితే కలరా వచ్చింది. మశూచి వచ్చింది. విరేచనాలు పట్టుకున్నాయి. 1877 శరత్తులో ఎట్టకేలకు వానలు కురిసి చెరువుల్లో నీళ్లు చేరాక, ఆ తడిలో మలేరియా జ్వరం లేచింది. ఏడాదిన్నర ఆకలికి కరిగిపోయిన ఒంట్లో జ్వరాన్ని తట్టుకునే కండ ఎక్కడిది? వాన కోసం ఎదురుచూసి బతికినవాళ్లు వాన వచ్చాక చచ్చిపోయారు.

వాళ్ల ముఖాలు మనకు తెలుసు. మద్రాసు సైన్యంలో పనిచేసిన విలోబీ హూపర్ అనే అధికారి తీసిన ఫొటోలు మిగిలాయి. వరసగా కూర్చోబెట్టిన మనుషులు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. మోకాలి చిప్ప తొడకంటే లావు. పిల్లల తలలు ఒంటికి పెద్దవైపోయాయి. ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ చెయ్యి చాపడం లేదు. ఫొటో తీసి వాళ్లను అలాగే వదిలి వచ్చాడని హూపర్‌ను ఇంగ్లండు పత్రికలే ఎత్తిపొడిచాయి. ఆ ఫొటోల కింద ఊరి పేరు వెతకబోతే మద్రాసు కరువు అని ఉంటుంది. మనిషి పేరు వెతకబోతే ఏమీ ఉండదు.

బహుధాన్య

1878 ఉగాదికి వచ్చిన ఏడాది పేరు బహుధాన్య. పంచాంగం వెటకారం ఎరగదు, వరస ప్రకారం పేరు పెట్టుకుంటూ పోతుంది. ధాన్యం పండింది. తినేవాళ్లు తగ్గారు.

ఎంతమంది తగ్గారో పదేళ్ల జనాభా లెక్కలు చెప్పాయి. ఉత్తర ఆర్కాటు జిల్లాలో 1871లో 20 లక్షలు దాటిన జనం, 1881 నాటికి 18 లక్షల పైచిలుకు మిగిలారు. కడప జిల్లాలో ఆరో వంతు, కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం లెక్కలోంచి మాయమయ్యారు. అందులో వలసపోయినవాళ్లూ ఉన్నారు. మామూలుగా అయితే ఆ పదేళ్లలో పుట్టి పెరగవలసిన పిల్లల్ని మాత్రం ఏ లెక్కా పట్టించుకోలేదు. దక్షిణ, పడమటి భారతం మొత్తం మీద పోయినవాళ్లు 50 లక్షలకు పైనే అని అంచనా.

వలసపోయినవాళ్ల జాడ ఓడ కాగితాల్లో ఉంది. మద్రాసు రేవులో నాటాల్ చెరుకు తోటలకు ఓడెక్కిన ఒప్పంద కూలీలకు ఒక్కొక్కరికి నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు. ఆ చిట్టాల్లో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు అన్న మాటలు పదేపదే తగులుతాయి. 1860 నుంచి 1911 దాకా నాటాల్‌కు చేరిన లక్షా 52 వేల మందిలో మన తాలూకాల వాళ్లు ఎందరో. దక్షిణాఫ్రికాలో వాళ్ల మనవలు, మునిమనవలు మొదటి ఓడ డర్బన్ చేరిన నవంబరు 16ను ఈనాటికీ ఏటేటా తలుచుకుంటారు. తెలుగు మరిచిపోకుండా 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఓడెక్కినవాళ్లకు నంబరూ మిగిలింది, తలుచుకునే రోజూ మిగిలింది. ఓడ దాకా నడవలేనివాళ్లకు రెండూ లేవు.

సర్కారు కమిషన్ వేసింది. 1880లో నివేదిక వచ్చింది. దాని మీద ఆధారపడి కరువు నిబంధనావళి తయారైంది. మళ్లీ కరువొస్తే ఏం చెయ్యాలో రాసుకున్నారు కాబట్టి కొంత మేలే. కరువు నిధి పేరుతో కొత్త పన్ను కూడా వేశారు. ఆ డబ్బు అఫ్గాను యుద్ధం వైపు మళ్లిందని ఆనాడే గగ్గోలు లేచింది. మద్రాసులో అడయారును కూవంతో కలుపుతూ కరువు కూలీలు తవ్విన కాలువతో, తీరం వెంట సాగే ఉప్పుకాలువకు బకింగ్‌హాం కాలువ అని పేరు స్థిరపడింది. తవ్వించినవాడి పేరు మిగిలింది.

దీన్ని నరమేధం అనొచ్చా? కత్తి పట్టి ఎవరూ రాలేదు, ఒక కులాన్నో మతాన్నో తుడిచెయ్యాలని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఆకాశం చేసినదానికి మనుషుల్ని నిందిస్తామా అని అడిగేవాళ్లున్నారు. మైక్ డేవిస్ అనే అమెరికా చరిత్రకారుడు 2001లో ఈ కరువుల మీద పుస్తకం రాస్తూ, హిట్లరు చేసిన హత్యాకాండకు వాడే మాటనే పేరులో పెట్టుకున్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. న్యాయశాస్త్రం ఆ మాటకు పెట్టిన కొలతలో ఇది ఇముడుతుందో లేదో నాకు పట్టింపు లేదు. వాన ఆగడం దైవికం. గోదాము తాళం దైవికం కాదు. పౌనున్నరను పౌను చెయ్యడం దైవికం కాదు. బీహారులో కాపాడిన మనిషి మద్రాసులో కాపాడకపోవడం దైవికం కాదు. కాపాడే దారి తెలిసి, చేతిలో రైలూ ఓడా ఉండి, ఖర్చు లెక్క చూసి వదిలేస్తే, ఆ చావును కరువు మీదకు నెట్టడం అబద్ధం.

పరాభవ

2026 మార్చిలో వచ్చిన ఉగాదికి ధాత మొదలై సరిగ్గా 150 ఏళ్లు. ఈ ఏడాది పేరు పరాభవ. ఈసారి కూడా పంచాంగం కావాలని పెట్టిన పేరు కాదు.

ఐర్లండు వాళ్లు 1840లలో వచ్చిన ఆలుగడ్డల కరువు చావులకు ఏటా మే నెలలో దేశమంతా ఒక రోజు కేటాయించారు. 1932-33లో సోవియట్ పాలనలో ఆకలితో పోయినవాళ్ల కోసం ఉక్రెయిన్‌లో నవంబరు నాలుగో శనివారం సాయంత్రం ఇంటింటా కిటికీలో కొవ్వొత్తి వెలిగిస్తారు. అక్కడా చరిత్రకారులు నరమేధం అవునా కాదా అని వాదించుకుంటూనే ఉన్నారు. వాదన తేలేదాకా దీపం పెట్టకుండా ఎవరూ ఆగలేదు.

మనకు రాయి లేదు, రోజు లేదు. మన భాష మాత్రం మరిచిపోలేదు. ఆబగా తినే పిల్లవాణ్ణి కరువులో పుట్టావా అంటాం. చాలాకాలానికి కనబడ్డ కూతుర్ని కరువు తీరా చూసుకున్నానంటుంది తల్లి. సంతోషం నిండిందని చెప్పడానికి కూడా కరువు తీరిందనే అంటాం. ఎప్పుడో ఎండిన డొక్కల గుర్తు నాలుక మీద మిగిలింది. ఎవరి డొక్కలో అడిగేవాళ్లు లేరు.

మన ఆచారంలో దీనికి ఒక దారి ఉంది. చనిపోయిన తిథి తెలియని వాళ్లకు మహాలయ అమావాస్యనాడు నీళ్లు వదలమన్నారు. కపిలతీర్థంలో ఆ రోజు మెట్ల మీద చోటు దొరకదు. అయితే ధాత కరువులో పోయినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లకు పురోహితుడు ఏనాడూ రాలేదు. వాళ్ల పేరు చెప్పి నీళ్లు వదలడానికి కొన్ని ఇళ్లలో కొడుకు కూడా మిగల్లేదు. శాస్త్రం చూపిన దారి వాళ్ల గడప దాకా పోదు.

గంగమ్మ దారి పోతుంది. జాతర అందరిది. ఏ వీధిలోనైనా ఆ వారం కుండలో రాగి అంబలి కాచి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ తరిగి వేసి, దారిన పోయేవాళ్లకు చెంబులతో పోస్తారు. ఎవరింటివాడివని అడగరు. దూరం నడిచి వచ్చావా అని పరీక్ష పెట్టరు. ఆకలైనవాడికి తిండి పెట్టే పద్ధతి ఈ సీమకు ఎవరూ నేర్పనక్కరలేదని ఆ కుండ ముందు నిలబడితే తెలుస్తుంది.

వచ్చే జాతరకు అంబలి కాచే ప్రతి ఇంటినీ నేను అడిగేది చిన్న పని. కుండలో పిండి పోసే ముందు రాగులు 450 గ్రాములు విడిగా తూచి చూడండి. ఇంట్లో పిల్లల్ని పిలిచి చూపించండి. ఒక మనిషి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మట్టి మోస్తే ఇచ్చింది ఇంతే అని చెప్పండి. ఆ గింజలతో కాచిన అంబలిని ధాత కరువులో పోయినవాళ్ల పేరున మొదట పొయ్యండి. పేర్లు తెలియవు కాబట్టి, చెంబు పట్టుకుని ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్లకే పొయ్యండి.